లైసెన్సు ఉంటే చాలునా? మందులను, వైద్య పరికరాలను రూపొందించేవారి బాధ్యత

మీ ఇంట్లోని మందుల పెట్టె ఒకసారి తెరిచి చూడండి. పిల్లల జ్వరానికి వాడే పారాసిటమాల్ సీసా, పెద్దవారి ఇన్సులిన్, రక్తపోటు కొలిచే యంత్రం, వేలికి తగిలించుకొనే ఆక్సిమీటరు వంటివి నాలుగైదయినా కనిపిస్తాయి. వీటిలో ప్రతిదాని వెనుకా ఎవరో తీసుకొన్న నిర్ణయాలు ఎన్నో ఉన్నాయి. ఒక మిల్లీలీటరులో ఎంత మందు ఉండాలి, మూత ఏ రంగులో ఉండాలి, కొలత గిన్నెపై గీతలు ఎక్కడ పడాలి, యంత్రం తెరపై హెచ్చరిక ఏ మాటల్లో కనబడాలి, బజారులోకి ఎప్పుడు రావాలి అన్నవన్నీ ఒక కంపెనీ గదిలో కూర్చొని కొందరు తేల్చినవే. ఈ పనిని సమన్వయపరచేవారిని పరిశ్రమలో ప్రొడక్ట్ మేనేజర్లు అంటారు. మందు రాసిన వైద్యుడు మీకు తెలుసు, అమ్మిన దుకాణదారుడు తెలుసు. వీరి ముఖం మాత్రం మీరెన్నడూ చూడరు. అయినా మీ ఆరోగ్యంపై వారి ప్రభావం తక్కువది కాదు.

సబ్బులు, చెప్పులు, సెల్‌ఫోన్లు అమ్మే కంపెనీలో ఈ ఉద్యోగి ముఖ్యంగా మూడు ప్రశ్నలు వేసుకొంటాడు. కొనేవారికి ఏమి కావాలి? పోటీదారు ఏమి అమ్ముతున్నాడు? మనం ఎంత త్వరగా తేగలం? వైద్యరంగంలో ఈ మూడింటికంటె ముందు నాలుగో ప్రశ్న ఒకటుంది. దీనివల్ల ఎవరికైనా హాని కలిగే మార్గం ఎక్కడుంది? ఔషధ చట్టాలన్నీ ఈ నాలుగో ప్రశ్నను కంపెనీల చేత బలవంతంగా అడిగించడానికి పుట్టినవే. అయితే, చట్టం అడిగినంతవరకే జవాబు చెప్పి, లైసెన్సు చేతికి రాగానే తన బాధ్యత తీరిందనుకొనే ధోరణి పరిశ్రమలో బలంగా ఉంది. ఆ ధోరణి ప్రమాదకరమని, చట్టం కనీస హద్దు మాత్రమేనని, ఆ హద్దు దాటి ఆలోచించడమే వైద్య ఉత్పత్తిని రూపొందించేవారి అసలు పని అని నా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి కారణాలను మీ ముందుంచుతాను.

రుచి చూశారు, విషమా కాదా అని చూడలేదు

1937లో అమెరికాలో సల్ఫనిలమైడ్ అనే మందుకు గొప్ప పేరుండేది. పెనిసిలిన్ ఇంకా వాడుకలోకి రాని ఆ రోజుల్లో గొంతునొప్పి మొదలుకొని అనేక సూక్ష్మజీవుల వ్యాధులకు అది దివ్యౌషధమనిపించుకొంది. అది మాత్రలుగా, పొడిగా దొరికేది. దక్షిణ రాష్ట్రాల్లో దానిని ద్రవరూపంలో కోరుతున్నారని మాసెంగిల్ అనే కంపెనీకి దాని విక్రేత ఒకరు కబురు చేశాడు. కంపెనీ రసాయనజ్ఞుడు ఆ మందు డైఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవంలో చక్కగా కరుగుతుందని కనుగొన్నాడు. రంగు, వాసన, రుచి పరీక్షించారు. మూడూ బాగున్నాయి. మందును దేశమంతటా పంపించారు.

డైఇథిలీన్ గ్లైకాల్ మూత్రపిండాలను నాశనం చేసే విషం. దానిని ఒక జంతువుకు తాగించి చూసినా ఆ సంగతి తెలిసిపోయేది. ఆ ఒక్క పరీక్షా జరగలేదు. పిల్లలతో సహా నూరుమందికి పైగా మరణించారు. తయారైన 240 గ్యాలన్లలో 234 గ్యాలన్లకు పైగా ప్రభుత్వ తనిఖీదారులు ఊరూరా తిరిగి వెనక్కు తెచ్చారు. అంటే ఇన్ని ప్రాణాలు తీసింది కేవలం ఆరు గ్యాలన్ల లోపు మందు, మన లెక్కలో ఇరవై రెండు లీటర్లు మాత్రమే.

ఇక్కడ మీరు గమనించవలసిన సంగతి మరొకటుంది. మందు అమ్మేముందు అది విషమో కాదో పరీక్షించాలని ఆనాటి అమెరికా చట్టంలో ఎక్కడా లేదు. ఆ సీసాపై 'ఎలిక్సర్' అని రాసినందున, ఆ పేరున్న మందులో ఆల్కహాలు ఉండాలి గనుక, ఇందులో లేదు గనుక, పేరు తప్పుగా పెట్టారన్న నేరం మీదనే అధికారులు సరుకును స్వాధీనం చేసుకోగలిగారు. 'ద్రావణం' అని రాసి ఉంటే ఆ అధికారం కూడా వారికి ఉండేది కాదు. వైద్యులు కోరిన మందునే తాము సరఫరా చేశామని, బాధ్యత తమది కాదని కంపెనీ యజమాని ప్రకటించాడు. ఆ రసాయనజ్ఞుడు తరువాత ఆత్మహత్య చేసుకొన్నాడు.

మామూలు వ్యాపార దృష్టితో చూస్తే ఆ కంపెనీ చేసినదంతా సవ్యమే. కొనేవారి కోరిక తెలుసుకొంది. దానికి తగిన వస్తువును వేగంగా తయారుచేసింది. రుచి కూడా బాగా కుదిరించింది. చట్టాన్ని, పేరు విషయంలో తప్ప, మీరలేదు. నాలుగో ప్రశ్న ఒక్కటే వేసుకోలేదు. ఆ ప్రశ్నను తప్పనిసరి చేస్తూ 1938లో కొత్త చట్టం వచ్చింది.

ఆ చట్టం విలువ ఏమిటో రెండు దశాబ్దాల తరువాత లోకానికి తెలిసింది. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే నిద్రమందు బజారులోకి వచ్చింది. గర్భిణులు వేవిళ్లకు కూడా వాడారు. 1960లో అమెరికాలో అమ్మకానికి దరఖాస్తు వచ్చినప్పుడు ఔషధ నియంత్రణ సంస్థలో పనిచేసే ఫ్రాన్సెస్ కెల్సీ అనే వైద్యురాలు భద్రతకు తగిన ఆధారాలు లేవని పదే పదే తిప్పి పంపింది. కంపెనీ ఎంత ఒత్తిడి తెచ్చినా ఆమె చలించలేదు. 1961 నవంబరులో ఆ మందును జర్మనీలో ఉపసంహరించుకొనే నాటికి వివిధ దేశాలలో వేలాదిమంది శిశువులు కాళ్లు చేతులు సరిగా ఏర్పడకుండా పుట్టారు. అమెరికాలో అటువంటి కేసులు అతి స్వల్పం. ఆమె ఆలస్యాన్ని ఆనాడు అడ్డంకి అన్నారు. ఆ అడ్డంకే ఒక తరాన్ని కాపాడింది.

చట్టం ఉన్నా కాపాడని సందర్భం

చట్టం వచ్చేసింది గనుక ఇక భయం లేదనుకొంటే పొరపాటు. కెనడాలో తయారైన థెరాక్-25 అనే క్యాన్సరు చికిత్సా యంత్రం కథ వినండి. ఇది రోగి శరీరానికి వికిరణం ఇచ్చే యంత్రం. ఇదే వంశానికి చెందిన పాత యంత్రాలలో మోతాదు హద్దు మీరకుండా విద్యుత్, యాంత్రిక అడ్డుకట్టలుండేవి. కొత్త నమూనాలో వాటిని తీసివేసి, ఆ కాపలా పనిని కంప్యూటరు ప్రోగ్రాముకే అప్పగించారు. ప్రోగ్రాములో కొంతభాగం పాత యంత్రాలదే. పాత యంత్రంలోనూ ఆ ప్రోగ్రాములో లోపాలుండేవి. కానీ అడ్డుకట్టలు ఉన్నందున అవి ఎవరికీ హాని చేయలేదు, ఎవరి దృష్టికీ రాలేదు. అడ్డుకట్టలు తీసివేశాక అవే లోపాలు ప్రాణాంతకమయ్యాయి.

1985 జూన్ నుండి 1987 జనవరి వరకు ఆరుగురు రోగులకు భయంకరమైన మోతాదులో వికిరణం తగిలింది. వారిలో కనీసం ముగ్గురు ఆ గాయాలతో మరణించారు. తప్పు జరిగినప్పుడు యంత్రం తెరపై 'మాల్‌ఫంక్షన్ 54' అని మాత్రమే కనబడేది. దాని అర్థమేమిటో వాడేవారికి ఇచ్చిన పుస్తకంలో వివరించలేదు. ఇటువంటి సందేశాలు రోజూ ఎన్నో వస్తూండేవి గనుక, ఒక మీట నొక్కి పని కొనసాగించడం సాంకేతిక సిబ్బందికి అలవాటయిపోయింది. యంత్రం అలా కొనసాగనిచ్చేది కూడా. రోగి కాలిపోతున్నానని కేక వేసినా, తమ యంత్రం మోతాదు మీరడం అసంభవమని కంపెనీ మొదట్లో సమాధానమిచ్చింది.

ఈ దుర్ఘటనలకు కారణం ఒక్క ప్రోగ్రాము రాసినవాని పొరపాటు కాదు. అడ్డుకట్టలు అక్కరలేదన్నది ఒక నిర్ణయం. హెచ్చరికను అంకెతో సరిపెట్టడం ఒక నిర్ణయం. ప్రమాద సందేశం వచ్చాక కూడా ఒక్క మీటతో ముందుకు పోనివ్వడం ఒక నిర్ణయం. ఒక ఆసుపత్రి నుండి వచ్చిన ఫిర్యాదును తక్కిన ఆసుపత్రులకు వెంటనే తెలుపకపోవడం ఇంకొక నిర్ణయం. అమెరికాలో వైద్య పరికరాల నియంత్రణకు 1976 నుండే చట్టమున్నది. ఆ చట్టం ప్రకారమే ఈ యంత్రం అమ్ముడుపోయింది.

ఇటీవలి ఉదాహరణ కావాలంటే కోవిడ్ కాలంలో ఇంటింటా వెలసిన ఆక్సిమీటరును తీసుకోండి. అది వేలిగుండా కాంతిని పంపి రక్తంలోని ప్రాణవాయువును అంచనా వేస్తుంది. చర్మం నలుపుగా ఉన్నవారిలో అది నిజానికంటె ఎక్కువ అంకె చూపవచ్చునని 2020 డిసెంబరులో అమెరికాలో వెలువడిన పరిశోధన గట్టిగా తెలిపింది. రక్తపరీక్షలో ప్రాణవాయువు తక్కువగా ఉన్నా ఆక్సిమీటరు బాగానే ఉన్నదని చెప్పడం తెల్లవారిలో కంటె నల్లవారిలో దాదాపు మూడు రెట్లు ఎక్కువగా జరిగింది. అప్పటి అమెరికా మార్గదర్శకాల ప్రకారం పరికరాన్ని కనీసం పదిమందిపై పరీక్షించాలి. వారిలో నల్లని చర్మం గలవారు ఇద్దరో, నూటికి పదిహేనుమందో, ఏది ఎక్కువైతే అంతమంది ఉంటే చాలు. ఆ లెక్క సరిపెట్టి కంపెనీలు అనుమతి తెచ్చుకొన్నాయి. ఈ పరికరాన్ని వాడేవారిలో కోట్లమంది చర్మం ఏ రంగులో ఉంటుందని ఆలోచించినవారు ఎందరు? 2025 జనవరిలో గాని అమెరికా సంస్థ ఆ పరీక్షలను కఠినతరం చేసే ముసాయిదాను ప్రకటించలేదు. నియమాన్ని పాటించడం వేరు, నియమం ఎందుకు పెట్టారో గ్రహించి పనిచేయడం వేరు.

మన దేశంలో అదే విషం

పై కథలు పరదేశాలవని మీరు తేలికగా తీసుకోకండి. 1937లో అమెరికాలో ప్రాణాలు తీసిన డైఇథిలీన్ గ్లైకాల్ మన దేశాన్ని ఇప్పటికీ విడిచిపెట్టలేదు. 1986లో ముంబయిలోని జేజే ఆసుపత్రిలో ఈ విషం కలిసిన గ్లిసరాల్ ఇచ్చినందువల్ల పద్నాలుగుమంది రోగులు మరణించారు. దానిపై న్యాయమూర్తి లెంటిన్ అధ్యక్షతన విచారణ సంఘం కూర్చుంది. 2022 అక్టోబరులో గాంబియాలో అరవైమందికి పైగా పసిపిల్లల మరణాల నేపథ్యంలో మన దేశంలో తయారైన నాలుగు సిరప్పులపై ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరిక జారీచేసింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో దగ్గుమందు తాగిన పిల్లలు మూత్రపిండాలు చెడిపోయి ఒకరి తరువాత ఒకరు చనిపోయారు. మృతుల సంఖ్య ఇరవై దాటింది. తమిళనాడులో తయారైన ఆ మందును పరీక్షిస్తే అందులో నూటికి 48 పాళ్లకు పైగా డైఇథిలీన్ గ్లైకాల్ ఉన్నట్లు తేలింది. ఉండదగిన గరిష్ఠ పరిమితి 0.1 శాతం.

ఈ విషం సిరప్పులోకి ఎలా వస్తుందో మీకు తెలియాలి. దగ్గుమందులలో మందును కరిగించడానికి, తీయదనానికి, చిక్కదనానికి గ్లిసరాల్, ప్రొపిలీన్ గ్లైకాల్, సార్బిటాల్ వంటి ద్రవాలు వాడతారు. ఔషధ నాణ్యత గల ద్రవం ధర ఎక్కువ. రంగుల పరిశ్రమకు, రసాయన పరిశ్రమకు అమ్మే రకం చవక. ఆ చవకరకంలో డైఇథిలీన్ గ్లైకాల్ కలిసి ఉండవచ్చు. కొన్నిచోట్ల దానినే మంచి ద్రవమని అంటగడతారు కూడా. కంటికి, నాలుకకు తేడా తెలియదు. ప్రయోగశాలలో పరీక్షిస్తే మాత్రం తెలుస్తుంది. ముడిసరుకు పీపా లోపలికి వచ్చిన రోజున ఆ పరీక్ష చేయాలన్న నియమం మన పుస్తకాలలో ఉంది. 1940 నాటి ఔషధ చట్టం ఉంది, 1945 నాటి నిబంధనలున్నాయి, తయారీ పద్ధతులను వివరించే షెడ్యూల్ ఎం ఉంది. చనిపోయిన పిల్లలు చట్టం లేక చనిపోలేదు. పరీక్ష చేయకుండా పీపా మూత తెరవడానికి వీల్లేదని కంపెనీలో గట్టిగా అడ్డుపడే మనిషి లేక చనిపోయారు.

మరొక విషయం నన్ను బాధిస్తుంది. గాంబియా ఉదంతం తరువాత 2023 జూన్ 1 నుండి విదేశాలకు ఎగుమతి చేసే దగ్గుమందులను ముందుగా ప్రభుత్వ ప్రయోగశాలలలో పరీక్షించి తీరాలని కేంద్రం ఆదేశించింది. మంచి ఆదేశమే. కానీ అది ఎగుమతి సరుకుకు పెట్టిన నియమం. ఛింద్వాడాలో బిడ్డ తాగిన సీసాకు అటువంటి ముందస్తు పరీక్ష తప్పనిసరి కాలేదు. పేరు పోతుందన్న భయంతో పుట్టిన నియమానికి, ప్రాణం పోతుందన్న భయంతో పుట్టిన నియమానికి తేడా ఇదే. మన పిల్లవాని గొంతులోకి దిగే సీసాకు కూడా అదే గౌరవం దక్కాలి.

అన్నీ చట్టబద్ధమే, అయినా ప్రమాదమే

కల్తీ, నిర్లక్ష్యం సంగతి అలా ఉంచండి. ఎవరూ ఏ తప్పూ చేయకపోయినా హాని కలిగించగల ఉత్పత్తులు మన ఇళ్లలోనే ఉన్నాయి.

మన దేశంలో ఇన్సులిన్ రెండు గాఢతలలో దొరుకుతుంది. ఒకదానిలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు, రెండవదానిలో 100 యూనిట్లు. మొదటిదానికి ఎర్రమూత సిరంజి, రెండవదానికి నారింజరంగు మూత సిరంజి వాడాలి. 20 యూనిట్లు తీసుకోవలసిన వ్యక్తి 100 యూనిట్ల సీసా నుండి ఎర్రమూత సిరంజితో 20వ గీత వరకు తీస్తే ఆయన శరీరంలోకి వెళ్లేది 50 యూనిట్లు. రక్తంలో చక్కెర పడిపోయి స్పృహ తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. తారుమారైతే, అంటే 40 యూనిట్ల సీసా నుండి నారింజ మూత సిరంజితో తీస్తే, వెళ్లేది 8 యూనిట్లే. చక్కెర అదుపు తప్పుతుంది, కారణం ఎవరికీ అంతుపట్టదు. రెండు సీసాలకూ అనుమతి ఉంది, రెండు సిరంజిలకూ అనుమతి ఉంది. ఎర్రరంగుకు, నారింజరంగుకు తేడాను డెబ్బయ్యేళ్ల మధుమేహరోగి, అందునా కంటిలో శుక్లం ఉన్నవాడు, సాయంత్రం దీపం వెలుతురులో గుర్తించాలి.

పిల్లల పారాసిటమాల్ సంగతీ అంతే. చుక్కల మందులో మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుంటుంది. సాధారణ సిరప్పులో 5 మిల్లీలీటర్లకు 120 లేక 125 మిల్లీగ్రాములు. గాఢమైన సిరప్పులో 5 మిల్లీలీటర్లకు 250. సిరప్పు అనుకొని చుక్కల మందును 5 మిల్లీలీటర్లు పట్టిస్తే బిడ్డకు 125 బదులు 500 మిల్లీగ్రాములు వెళ్తుంది. అది నాలుగు రెట్లు. ఇటువంటి పొరపాటు పూటపూటా జరిగితే కాలేయం దెబ్బతింటుంది. అర్ధరాత్రి ఏడుస్తున్న బిడ్డను చంకనెత్తుకొని అట్టపెట్టెపై చీమతలకాయంత అక్షరాలు చదివే తల్లిని తప్పుపట్టడం నాకు న్యాయమనిపించదు. ఆ తల్లి అలాగే ఉంటుందని, ఆ వేళలోనే సీసా తెరుస్తుందని ముందే ఊహించవలసినవాడు ఆ సీసాను రూపొందించినవాడు.

ఊహిస్తే చేయగలిగినవి చాలా ఉన్నాయి. గాఢతను మందుపేరంత పెద్ద అక్షరాలలో ముద్రించవచ్చు. చుక్కల సీసాకు చుక్కల గొట్టమే తప్ప చెంచా పట్టని మూతి పెట్టవచ్చు. బిడ్డ బరువును బట్టి మోతాదును తెలుగులోనూ ఇతర భారతీయ భాషలలోనూ బొమ్మలతో చూపవచ్చు. ఇన్సులిన్ పెన్నులలో ఈ ఆలోచన కొంత కనిపిస్తుంది. అందులో గీతలు చూసే పని తగ్గి, యూనిట్ల అంకె తిప్పుకొంటే చాలు. అయితే పెన్ను ధర భరించలేనివాడు సీసా, సిరంజితోనే ఉండిపోతాడు. తప్పు జరగడానికి వీలులేని ఏర్పాటు ధనికునికి, జాగ్రత్తగా ఉండమన్న హితవు పేదవానికి దక్కడం సమంజసం కాదు.

నియమాలు ఎక్కువైతే మందులు ఆలస్యం కావా?

ఈ ప్రశ్న న్యాయమైనదే. పరీక్షల పేరిట జరిగే ఆలస్యమూ ప్రాణాలు తీస్తుంది. 1988 అక్టోబరులో ఎయిడ్స్ రోగులు, వారి మిత్రులు అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కార్యాలయాన్ని ముట్టడించి, మందులు పరీక్షల్లో నానుతూండగా తాము చనిపోతున్నామని గొంతెత్తారు. వారి మాటలో సత్యముంది. ఆ తరువాత ప్రాణాంతక వ్యాధుల మందులకు త్వరిత అనుమతి పద్ధతులు బలపడ్డాయి. కోవిడ్ టీకాల విషయంలోనూ, ఒకవైపు ప్రయోగాలు సాగుతూండగానే వచ్చిన ఫలితాలను వచ్చినట్లు పరిశీలించి, ఏళ్ల పనిని నెలల్లో ముగించారు. హైదరాబాదులో తయారైన కోవాగ్జిన్‌కు 2021 జనవరి 3న అత్యవసర అనుమతి ఇచ్చారు. అప్పటికి మూడవ దశ ప్రయోగం నుండి అది ఎంతవరకు వ్యాధిని ఆపుతుందన్న లెక్క వెలువడలేదు. మార్చిలో తొలి ఫలితాలు వచ్చాయి, అవి బాగానే ఉన్నాయి. కానీ ఆ రెండు నెలల్లో ప్రజల్లో, వైద్యసిబ్బందిలో కూడా కలిగిన సంశయానికి కారణం టీకా లోపం కాదు, ఆధారం కంటె ముందు అనుమతి రావడం. కనుక వేగంగా పరీక్షించడం మంచిదే, పరీక్షను దాటవేయడం మంచిది కాదు. ఈ రెంటినీ ఒకటిగా చూపి నియమాలను దుయ్యబట్టేవారిని మీరు అనుమానించండి.

చిన్న కంపెనీలు ఖర్చు భరించలేవన్న వాదన కూడా వినబడుతూంటుంది. సవరించిన షెడ్యూల్ ఎం నిబంధనలు 2023 డిసెంబరు చివర ప్రకటించారు. ఏటా 250 కోట్ల రూపాయల లోపు వ్యాపారం చేసే సంస్థలకు గడువును 2025 డిసెంబరు 31 వరకు పొడిగించారు. యంత్రాలు, భవనాలు మార్చుకోవడానికి వ్యవధి కావాలన్న మాట నేను కాదనను. తెలుగునాట ఎన్నో కుటుంబాలు ఈ పరిశ్రమపై ఆధారపడి బతుకుతున్నాయి. చవకైన మందులు మన పేదలకు, ఆఫ్రికా పేదలకు అందుతున్నది ఈ పరిశ్రమ చలవ వల్లనే. అయితే ముడిసరుకు పీపాను పరీక్షించడానికి కొత్త భవనం అక్కరలేదు. ఆ పరీక్ష చేయించుకొనే స్తోమత లేని సంస్థకు పిల్లల మందు తయారుచేసే అర్హత లేదు. ఈ మాట కటువుగా ఉన్నా చెప్పక తప్పదు.

కంపెనీలు ఏమి చేయాలి?

నా దృష్టిలో మూడు మార్పులు అవసరం. మొదటిది, ప్రతి వైద్య ఉత్పత్తికి కంపెనీలో బాధ్యుడైన ఒక వ్యక్తి ఉండాలి. ఆ వ్యక్తికి అమ్మకాల లక్ష్యంతోపాటు సరుకును ఆపివేసే అధికారం కూడా ఉండాలి. ఆపినందుకు ఉద్యోగం పోదన్న హామీ ఉండాలి. అమ్మితే బహుమానం, ఆపితే మందలింపు ఉన్నచోట ఎవడూ ఆపడు. రెండవది, అనుమతి వచ్చిన రోజును పని ముగిసిన రోజుగా కాక మొదలైన రోజుగా లెక్కించాలి. ఏ జిల్లా ఆసుపత్రి నుండి ఏ ఫిర్యాదు వచ్చింది, అటువంటిదే మరొకచోట వచ్చిందా అని నెలనెలా వెదికి చూడాలి. మూడవది, కొత్త సీసాను గాని, పరికరాన్ని గాని బజారులోకి పంపేముందు దానిని నిజంగా వాడబోయేవారి చేతికిచ్చి చూడాలి. చదువురాని అమ్మమ్మ, చూపు మందగించిన తాతయ్య, రాత్రి విధులలో ఉన్న నర్సు వాడగలిగితేనే అది సిద్ధమైనట్లు.

ఇది జరగని పని కాదు. 1982లో షికాగో ప్రాంతంలో ఎవరో దుర్మార్గుడు దుకాణాలలోని టైలినాల్ గొట్టాలలో సైనైడ్ కలపగా ఏడుగురు మరణించారు. విషం కలిసింది కర్మాగారంలో కాదు. అయినా ఆ కంపెనీ తన తప్పు లేదని ఊరుకోక, దేశమంతటినుండి సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనక్కు తెప్పించింది. కొద్ది వారాలలోనే, ఎవరైనా తెరిస్తే తెలిసిపోయే మూడంచెల ముద్రతో కొత్త సీసాను తెచ్చింది. ఈనాడు మీరు మందుసీసా మూత కింద చింపే పలుచని రేకు ఆ ఆలోచన ఫలితమే. కోట్ల డాలర్లు నష్టపోయిన ఆ మందు మరల ప్రజల నమ్మకాన్ని పొందింది.

మీరు ఏమి చేయగలరు?

పెద్ద కంపెనీలను మార్చడం మన చేతిలో లేదనుకోకండి. ముందు మీ ఇంట్లో జాగ్రత్తలు తీసుకోండి. ఇన్సులిన్ కొన్న ప్రతిసారీ సీసాపై అంకె, సిరంజిపై అంకె ఒకటేనా అని చూడండి. పిల్లల మందును వంటింటి చెంచాతో కాక, దానితో వచ్చిన కొలతతోనే పోయండి. మోతాదును మిల్లీలీటర్లలోనూ మిల్లీగ్రాములలోనూ వైద్యుని అడిగి రాయించుకోండి. చిన్నపిల్లల జలుబు, దగ్గు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన జలుబుమందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడరాదని సీసాపై ముద్రించాలని 2023 డిసెంబరులోనే కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఆదేశించారు. వైద్యుడు రాయని దగ్గుమందును దుకాణంలో అడిగి తెచ్చి పసివారికి పట్టించకండి. మందు తాగిన బిడ్డకు మూత్రం తగ్గినా, వాంతులు పట్టుకొన్నా, మగతగా ఉన్నా ఆ సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మందు పెట్టెపై తయారీ లైసెన్సు సంఖ్య, బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ చూడండి. బిల్లు తీసుకోండి. దానిపై బ్యాచ్ సంఖ్య ఉంటుంది, అవసరమైనప్పుడు అదే సాక్ష్యం. 2023 ఆగస్టు నుండి మూడువందల ప్రముఖ మందుల పెట్టెలపై క్యూఆర్ కోడ్ తప్పనిసరి అయింది. ఫోనుతో దానిని చదివి వివరాలు సరిచూసుకోవచ్చు.

అన్నిటికంటె ముఖ్యం, మందు వల్ల గాని, పరికరం వల్ల గాని హాని కలిగిందని అనుమానం వస్తే నోరు మూసుకొని ఊరుకోకండి. మన దేశంలో మందుల దుష్ఫలితాలను నమోదుచేసే జాతీయ కార్యక్రమం 2010 నుండి, పరికరాలకు అటువంటిదే 2015 నుండి పనిచేస్తున్నాయి. 1800-180-3024 అనే ఉచిత ఫోను సంఖ్యకు వైద్యులే కాదు, మీరు కూడా తెలుపవచ్చు. మందే కారణమని మీరు రుజువు చేయనక్కరలేదు. అనుమానం చాలు. థెరాక్ యంత్రం విషయంలో మొదటి ఫిర్యాదును అందరికీ వినిపించి ఉంటే తరువాతి రోగులు బతికేవారేమో. ఛింద్వాడా వంటి చోట మొదటి ఒకటి రెండు కేసులు నమోదై పోల్చి చూడగలిగితే తరువాతి పిల్లల చేతికి ఆ సీసా చేరకపోయేది.

లైసెన్సు అనేది కంపెనీకి ప్రభుత్వం ఇచ్చే కాగితం. దానిని చూసి కాదు మీరు మందు మింగేది. ఎవరో ఒకరు మీ క్షేమాన్ని ముందుగా ఆలోచించి ఉంటారన్న నమ్మకంతో మింగుతారు. ఆ ఒకరు నిజంగా ఉండేటట్లు చూడవలసిన బాధ్యత కంపెనీలది, ప్రభుత్వానిది. ఉన్నారా అని అడుగుతూ ఉండవలసిన బాధ్యత మనందరిది.